విలియం హోవార్డ్ రస్సెల్

విలియం హోవార్డ్ రస్సెల్ (మార్చి 28, 1820 - ఫిబ్రవరి 10, 1907) ఐర్లండుకు చెందిన సుప్రసిద్ధ పాత్రికేయుడు, యుద్ధ విలేఖరి. లండను నుండి వెలువడే ది టైమ్స్ పత్రికకు క్రిమియా యుద్ధం (1853-1856), భారతదేశంలో 1857 తిరుగుబాటు అణచివేత, అమెరికా అంతర్యుద్ధ తొలిదశ, ఆస్ట్రియా-ప్రష్యా యుద్ధం (1866), ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధం (1870-1871) మొదలైన వాటి గురించి వార్తలు పంపాడు. ఈయనకు పూర్వం కూడా యుద్ధవార్తలు పంపినవారు కొందరు ఉన్నారు. అయితే యుద్ధ విలేఖరి పనిని ఒక ప్రత్యేక వృత్తిగా నిలబెట్టినవాడు రస్సెల్ అని చరిత్రకారులు పరిగణిస్తారు. యుద్ధంలో హత్యలను కళ్ళారా చూసిన పాత్రికేయుడు, ముఖ్యంగా ఆ హత్యలు తన పక్షం వారే చేసినప్పుడు, ఏమి రాయాలి, ఎంతవరకు రాయాలి అనే ప్రశ్న ఈయన జీవితమంతటా ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

బాల్యం, విద్య

రస్సెల్ ఐర్లండులోని డబ్లిన్ కౌంటీ టాలట్ సమీపాన లిలీ వేల్ అనే చోట జన్మించాడు. తండ్రి ప్రొటెస్టెంటు, తల్లి రోమన్ కాథలిక్కు. తండ్రి వ్యాపారంలో నష్టపోయి ఇంగ్లండుకు వలస వెళ్ళడంతో బాల్యంలో ఎక్కువకాలం తాతల వద్ద పెరిగాడు. 1838లో డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో చేరాడు కాని పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చాడు. తరువాత లండనులో న్యాయశాస్త్రం చదివి 1850లో న్యాయవాదిగా నమోదయ్యాడు. ఆ వృత్తిలో మాత్రం పెద్దగా రాణించలేదు.

పత్రికారంగ ప్రవేశం

1841లో ఐర్లండులో జరిగిన సార్వత్రిక ఎన్నికల వార్తలు సేకరించడానికి ది టైమ్స్ పత్రికలో పనిచేస్తున్న ఒక బంధువు ఈయనను నియమించాడు. ఆ కాలంలో ఐర్లండు ఎన్నికలు కొట్లాటలతో నిండి ఉండేవి. లాంగ్‌ఫర్డ్ పట్టణంలో రస్సెల్ సభలకు వెళ్ళడానికి బదులు నేరుగా ఆసుపత్రికి వెళ్ళాడు. రెండు పక్షాల క్షతగాత్రులు అక్కడికే చేరతారు గనుక, జరిగిన సంగతి అక్కడే తెలుస్తుందని ఈయన ఆలోచన. ఒక పక్షం మాటను మాత్రమే నమ్మకుండా దెబ్బతిన్నవారి వద్దకు వెళ్ళడం అనే ఈ అలవాటు తరువాతి యుద్ధాలలో కూడా ఈయనను వదలలేదు.

1844లో ఐరిష్ నాయకుడు డేనియల్ ఓకానెల్ పై జరిగిన విచారణ తీర్పును అందరికంటే ముందు లండనుకు చేర్చడానికి పత్రిక ఈయన కోసం ప్రత్యేకంగా ఓడను, రైలును ఏర్పాటు చేసింది. రస్సెల్ కార్యాలయం గుమ్మం వద్దకు చేరుకోగానే, తన పత్రిక ఉద్యోగి వలె కనిపించిన ఒక వ్యక్తి కుశలప్రశ్నలతో తీర్పు సంగతి రాబట్టాడు. ఆ వ్యక్తి పోటీపత్రిక మనిషి. మరుసటి ఉదయం ఆ పత్రికలో కూడా వార్త వచ్చింది. అనవసరంగా నోరు విప్పరాదనే పాఠం రస్సెల్ ఆనాడు నేర్చుకున్నాడు. ఎప్పుడు నోరు మూసుకోరాదో తెలుసుకునే అవసరం పది సంవత్సరాల తరువాత క్రిమియాలో కలిగింది.

1850లో డెన్మార్కు సైన్యానికి, ష్లెస్విగ్-హోల్‌స్టైన్ సైన్యానికి మధ్య ఇడ్‌స్టెట్ వద్ద జరిగిన పోరాటాన్ని ఈయన స్వయంగా చూసి వార్తలు పంపాడు. ఇది ఈయన చూసిన మొదటి యుద్ధం.

క్రిమియా యుద్ధం

టర్కీ సామ్రాజ్యానికి మద్దతుగా బ్రిటన్, ఫ్రాన్సు దేశాలు రష్యాతో యుద్ధానికి సిద్ధమైనప్పుడు ది టైమ్స్ సంపాదకుడు జాన్ డిలేన్ 1854 ఫిబ్రవరిలో రస్సెల్‌ను సైన్యంతో పంపాడు. కొద్ది వారాలలో తిరిగి రావచ్చునని భావించిన ఈ ప్రయాణం దాదాపు రెండు సంవత్సరాలు సాగింది. సైన్యాధికారులు ఈయనను ఇష్టపడలేదు. మొదట్లో భోజన సామగ్రి గాని, గుడారానికి స్థలం గాని ఇవ్వలేదు. సైన్యాధిపతి లార్డ్ రాగ్లన్ ఈయనను దగ్గరకు రానివ్వలేదు. ఈయన కింది స్థాయి అధికారులతోను, మామూలు సైనికులతోను కలిసి తిరుగుతూ సమాచారం సేకరించాడు.

1854 సెప్టెంబరు 20న ఆల్మా నది వద్ద జరిగిన పోరాటాన్ని, అక్టోబరు 25న బాలాక్లావా పోరాటాన్ని, నవంబరు 5న ఇంకర్మన్ పోరాటాన్ని రస్సెల్ చూశాడు. బాలాక్లావాలో పొరపాటు ఆజ్ఞ కారణంగా సుమారు 670 మంది అశ్వికులు రష్యన్ ఫిరంగుల మీదకు దూసుకుపోగా వారిలో 100 మందికి పైగా మరణించారు. కొండమీద నుండి ఈ దృశ్యాన్ని చూసిన రస్సెల్ రాసిన కథనం నవంబరు 14న పత్రికలో అచ్చయింది. అప్పట్లో ఉత్తరం ఓడమీద లండను చేరడానికి మూడు వారాల దాకా పట్టేది.

ఆ చలికాలంలో సెవాస్టోపోల్ ముట్టడి సాగుతుండగా బ్రిటిషు సైనికులు తగిన దుస్తులు, గుడారాలు, మందులు లేక కలరా, విరేచనాలు, చలి మూలంగా పెద్దసంఖ్యలో మరణించారు. ఈ యుద్ధంలో మరణించిన 20 వేలకు పైగా బ్రిటిషు సైనికులలో అత్యధికులు వ్యాధులతో చనిపోయినవారే. ఈ దుస్థితిని చూసిన రస్సెల్ సంపాదకునికి ఉత్తరం రాస్తూ, ఈ సంగతులను బయటపెట్టాలా, లేక మౌనం వహించాలా అని అడిగాడు. రాస్తే దేశద్రోహి అనే నింద వస్తుంది, రాయకపోతే మరిన్ని మరణాలకు తాను కూడా బాధ్యుడవుతాడు. డిలేన్ ఆయనను రాయమని ప్రోత్సహించాడు. రస్సెల్ ఉత్తరాలలో కొన్ని పత్రికలో అచ్చయ్యాయి, అచ్చుకు తగనివనుకున్న కొన్నిటిని డిలేన్ మంత్రులకు చూపించాడు.

స్కుటారి సైనిక ఆసుపత్రిలోని దారుణ పరిస్థితులను అదే పత్రికకు చెందిన థామస్ చెనెరీ కాన్‌స్టాంటినోపుల్ నుండి 1854 అక్టోబరులో వెల్లడించాడు. ఈ వార్తల ప్రభావంతో ప్రజలు విరాళాలు ఇచ్చారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్టోబరులోనే బయలుదేరి వెళ్ళింది. 1855 జనవరిలో సైన్య నిర్వహణపై విచారణ జరపాలనే తీర్మానం పార్లమెంటులో నెగ్గడంతో అబర్డీన్ ప్రభుత్వం పడిపోయింది. దీనికి రస్సెల్ రాతలు ముఖ్యమైన కారణమని ఆనాటి వారు భావించారు.

రస్సెల్ తన పక్షపు సైనికుల కష్టాలను మాత్రమే రాయలేదు. 1855 మే నెలలో మిత్రరాజ్యాల సేనలు కెర్చ్ పట్టణాన్ని ఆక్రమించినప్పుడు జరిగిన దోపిడీని, అక్కడి ప్రాచీన వస్తు ప్రదర్శనశాల ధ్వంసాన్ని వర్ణించాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో సెవాస్టోపోల్ పతనమైన తరువాత, శత్రుసేన వదిలి వెళ్ళిన ఆసుపత్రిలో ప్రవేశించి, దిక్కులేకుండా శవాల మధ్య పడివున్న రష్యన్ క్షతగాత్రుల స్థితిని పాఠకులకు తెలియజేశాడు. ఇదే యుద్ధంలో రోజర్ ఫెంటన్ అనే ఛాయాచిత్రకారుడు 350కి పైగా చిత్రాలు తీశాడు. వాటిలో మృతదేహాలు కనిపించవు. మృతులను గురించి బ్రిటిషు పాఠకులు తెలుసుకున్నది ప్రధానంగా రస్సెల్ వంటి విలేఖరుల ఉత్తరాల ద్వారానే.

సైన్యంతో వివాదం

రస్సెల్ పై వచ్చిన విమర్శలన్నీ నిరాధారమైనవి కావు. 1854 అక్టోబరులో ది టైమ్స్ లో అచ్చయిన ఒక కథనంలో బ్రిటిషు సేనల మోహరింపు, ఫిరంగులు, మందుగుండు వివరాలు ఉన్నాయి. లండనులో అచ్చయిన వార్త టెలిగ్రాఫు ద్వారా కొద్ది రోజులలోనే రష్యాకు చేరగలదు గనుక, శత్రువు ఖర్చు లేకుండా గూఢచారిని సంపాదించుకున్నట్లయిందని రాగ్లన్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేశాడు. నిజం చెప్పడం వలన ప్రాణాలు దక్కవచ్చును, అదే నిజం వలన ప్రాణాలు పోవచ్చును అనే చిక్కు ఇక్కడ మొదటిసారిగా స్పష్టమయింది. ఇటువంటి వివరాల విషయంలో జాగ్రత్త వహించవలసి ఉంటుందని రస్సెల్ అంగీకరించాడు. సైనికుల ఆకలి, రోగాలు మాత్రం శత్రువుకు ముందే తెలిసిన సంగతులని, వాటిని దాచిపెట్టడం స్వదేశ ప్రజలను మోసగించడమే అవుతుందని వాదించాడు.

1856 ఫిబ్రవరి 25న అప్పటి సైన్యాధిపతి విలియం కోడ్రింగ్టన్, శత్రువుకు ఉపయోగపడే వివరాలు ప్రచురించే విలేఖరులను సైన్యం నుండి బహిష్కరిస్తామని ఆజ్ఞ జారీచేశాడు. బ్రిటిషు సైనిక వార్తానియంత్రణకు ఇది నాంది అని చెబుతారు. మరుసటి నెలలోనే పారిస్ సంధి కుదరడంతో ఈ ఆజ్ఞను ఆ యుద్ధంలో పెద్దగా అమలు చేసే అవసరం రాలేదు.

భారతదేశంలో

1857 మే 10న మీరట్‌లో ప్రారంభమైన తిరుగుబాటు వార్తలు బ్రిటనులో తీవ్రమైన ఆవేశాన్ని కలిగించాయి. జులై నెలలో కాన్పూరులోని బీబీఘర్ లో బందీలుగా ఉన్న ఆంగ్ల స్త్రీలను, పిల్లలను చంపివేయడం నిజంగా జరిగిన ఘోరం. దీనికి తోడు అవయవాలు కోయడం, చిత్రహింసలు పెట్టడం వంటి కథలు లెక్కలేనన్ని వ్యాపించాయి. పత్రికలు ప్రతీకారం కోరాయి. విచక్షణ లేకుండా ఉరితీయరాదని ఉత్తర్వు ఇచ్చిన గవర్నర్ జనరల్ కానింగ్ ను ఎగతాళి చేశాయి. ఈ ధోరణికి ది టైమ్స్ కూడా అతీతం కాదు. అయినప్పటికీ ఈ కథలలో నిజమెంతో తెలుసుకోదలచి డిలేన్ రస్సెల్‌ను భారతదేశానికి పంపాడు. ఈయన 1858 జనవరిలో కలకత్తా చేరి, కానింగ్ ను కలుసుకొని, కాన్పూరులో ప్రధాన సైన్యాధిపతి కాలిన్ కాంప్‌బెల్ వద్దకు వెళ్ళాడు. క్రిమియాలో వలె కాకుండా కాంప్‌బెల్ ఈయనకు అన్ని వివరాలు తెలిపాడు. వాటిని శిబిరంలో ఎవరితోను ముచ్చటించరాదన్నది ఆయన షరతు.

కాన్పూరులో రస్సెల్ తాను విన్న కథలను పరిశీలించాడు. బీబీఘర్ గోడలమీద బాధితులు రాసినవిగా ప్రచారమైన వాక్యాలు, హావ్‌లాక్ సేనలు ఆ ఇంటిలో ప్రవేశించినప్పుడు లేవని, తరువాత ఎవరో రాసినవని తెలుసుకొని ఆ సంగతి వెల్లడించాడు. జరిగిన హత్యాకాండను ఈయన తగ్గించి చూపలేదు. జరగని దానిని దానికి జోడించి, ఆ కల్పన ఆధారంగా మరికొందరిని చంపడాన్ని మాత్రం తప్పుపట్టాడు.

కాన్పూరు దిశగా సాగిన రెనాడ్ దళంలో ఉన్న ఒక అధికారి ఈయనకు కొన్ని విషయాలు తెలిపాడు. ఆ దళం రెండు రోజులలో 42 మందిని దారిపక్కన ఉరితీసిందని, దళం ఎదురైనప్పుడు ముఖాలు వేరే దిక్కుకు తిరిగి ఉన్నాయన్న కారణంతో 12 మందిని చంపారని, దారిలోని గ్రామాలను తగులబెట్టారని ఆ అధికారి చెప్పాడు. ఈ హత్యలు కాన్పూరు హత్యాకాండకు ముందే జరిగినవి గనుక వీటిని ప్రతీకారం అనడానికి వీలులేదని రస్సెల్ గ్రహించి రాశాడు. ఉరితీసే ముందు ముస్లిములను పందితోలులో కుట్టడం, పందికొవ్వు పూయడం, హిందువులను మతభ్రష్టులను చేయడం వంటి శిక్షలు అనాగరికమైనవని, చివరకు అవి ఆంగ్లేయులకే చుట్టుకుంటాయని హెచ్చరించాడు.

1858 మార్చి నెలలో లక్నో నగరాన్ని తిరిగి ఆక్రమించడాన్ని రస్సెల్ దగ్గరనుండి చూశాడు. మార్చి 14న కైసర్‌బాగ్ రాజభవనాలు సైన్యం వశమైనప్పుడు లోపలికి వెళ్ళి, సిపాయిల శవాల నడుమ సైనికులు నగలు, శాలువలు, అద్దాలు దోచుకోవడం, మిగిలినవాటిని పగలగొట్టడం చూశాడు. ఒక సైనికుడు అమ్మజూపిన నగలను చేతిలో డబ్బు లేనందువలన కొనలేకపోయానని కూడా దాచకుండా రాసుకున్నాడు.

ఇదే సందర్భంలో జరిగిన రెండు సంఘటనలు ఈయన రాతల ద్వారా ప్రపంచానికి తెలిసాయి. చక్కర్ కోఠీ వద్ద పట్టుబడిన ఒక సిపాయిని బ్రిటిషు పక్షపు సైనికులు కాళ్ళు పట్టి ఈడ్చి, బాయినెట్లతో పొడిచి, మంటలో సజీవంగా కాల్చివేశారు. ఆంగ్ల అధికారులు చూస్తూ ఉండిపోయారు. మరొక చోట వృద్ధుడైన ఒక అంధుని చేయి పట్టుకొని నడిపించుకుంటూ వచ్చిన కాశ్మీరీ బాలుడు ఒక అధికారి కాళ్ళమీద పడి శరణు కోరాడు. ఆ అధికారి పిస్తోలు తీసి బాలుని తలకు గురిపెట్టాడు. మూడుసార్లు పిస్తోలు పేలలేదు. తోటి సైనికులు సిగ్గుచేటని కేకలు వేస్తున్నా వినకుండా నాలుగవసారి కాల్చి చంపాడు. ఈ సంఘటనను రస్సెల్ స్వయంగా చూడలేదు, ఆ అధికారి సహచరులు చెప్పగా విన్నాడు. ఆ మాటను కూడా ఆయన స్పష్టంగా రాశాడు. చూసినదానికి, విన్నదానికి మధ్య తేడా పాటించడం వలననే ఈయన రాతలు తరువాతి చరిత్రకారులకు ఆధారాలుగా నిలిచాయి.

గుర్రం తన్నడం వలన గాయపడిన రస్సెల్ కొంతకాలం డోలీలో ప్రయాణించవలసి వచ్చింది. మే 5న బరేలీ వద్ద ఎదురుపక్షం అశ్వికులు ఆకస్మికంగా దాడిచేయగా, చొక్కాతోనే గుర్రమెక్కి పారిపోతూ వడదెబ్బతో పడిపోయి మరణం అంచుల వరకు వెళ్ళాడు. కోలుకున్న తరువాత ఢిల్లీ చేరి, బందీగా ఉన్న మొగలు చక్రవర్తి బహదూర్ షా జఫర్ ను చూశాడు. కంపెనీ పెట్టిన అన్నం తిని ద్రోహం చేశాడని చక్రవర్తిని ఆంగ్లేయులు నిందిస్తుండగా, ఆయన పూర్వీకుల రాజ్యాన్ని తీసుకొన్నవారికి ఆయన కృతజ్ఞుడై ఉండవలసిన కారణమేమిటని రస్సెల్ ప్రశ్నించాడు. భారతీయుల పట్ల సాటి ఆంగ్లేయులు చూపే తిరస్కారాన్ని, తిట్లను, దెబ్బలను పలుచోట్ల ఖండించాడు.

ఈయన ఉత్తరాలు వెలువడిన తరువాత బ్రిటనులో ప్రతీకార ధోరణి కొంత చల్లబడింది. ఈ అనుభవాలను రస్సెల్ 1860లో మై డైరీ ఇన్ ఇండియా అనే పేరుతో రెండు సంపుటాలుగా ప్రచురించాడు.

అమెరికా అంతర్యుద్ధం

1861 మార్చిలో అమెరికా చేరిన రస్సెల్ అధ్యక్షుడు లింకన్ ను కలుసుకున్నాడు. తరువాత దక్షిణ రాష్ట్రాలలో పర్యటించి బానిసల వేలాన్ని చూసి ఆ వ్యవస్థను అసహ్యించుకున్నాడు. జులై 21న బుల్ రన్ వద్ద జరిగిన పోరాటానికి ఆలస్యంగా చేరుకోవడం వలన ఉత్తర సేనలు భయంతో పారిపోవడం మాత్రమే ఈయన కంటపడింది. తాను చూసినంతవరకు రాసి పంపాడు. ఆ పత్రిక ఆగస్టులో అమెరికా చేరగానే ఉత్తరాది ప్రజలు ఆగ్రహించి ఈయనకు బుల్ రన్ రస్సెల్ అని పేరు పెట్టారు, బెదిరింపు ఉత్తరాలు రాశారు. 1862లో సైన్యంతో వెళ్ళడానికి యుద్ధశాఖ అనుమతి నిరాకరించడంతో ఏప్రిల్ లో ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాడు.

తరువాతి యుద్ధాలు

1866 జులై 3న కోనిగ్‌గ్రాట్జ్ పోరాటాన్ని ఆస్ట్రియా పక్షం నుండి, 1870లో సెడాన్ పోరాటాన్ని ప్రష్యా యువరాజు పరివారంతో ఉండి చూశాడు. అప్పటికి కాలం మారింది. ఆర్చిబాల్డ్ ఫోర్బ్స్ వంటి యువ విలేఖరులు టెలిగ్రాఫు ఉపయోగించి వార్తలను వేగంగా చేరవేయసాగారు. సావధానంగా దీర్ఘమైన ఉత్తరాలు రాసే రస్సెల్ పద్ధతి వెనుకబడింది. 1879లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తరపున దక్షిణాఫ్రికా వెళ్ళి, ట్రాన్స్‌వాల్ లో బ్రిటిషు సైనికులు తాగి ప్రజలను దోచుకుంటున్నారని రాశాడు. సేనాపతి గార్నెట్ వుల్జ్‌లీ దీనిని ఖండించాడు. అప్పటికి రస్సెల్ వయసు దాదాపు 60 సంవత్సరాలు.

విమర్శ, ప్రభావం

రస్సెల్ బ్రిటిషు సామ్రాజ్యాన్ని వ్యతిరేకించినవాడు కాదు. తిరుగుబాటును అణచడం అవసరమనే నమ్మాడు. లక్నోలో బాలుని చంపిన అధికారి పేరును ఆయన బయటపెట్టలేదు. ఆ పేరు చరిత్రకు తెలియకుండానే పోయింది. తాను వెంట నడిచే సైన్యం దయమీద ఆధారపడిన విలేఖరి ఎంతవరకు స్వతంత్రుడు అనే ప్రశ్నకు ఈయన జీవితం పూర్తి సమాధానం ఇవ్వదు.

అదే లక్నోకు 1858లో వచ్చిన ఛాయాచిత్రకారుడు ఫెలిస్ బియాటో, కొన్ని నెలల క్రితం సికందర్ బాగ్ లో చంపబడిన సిపాయిల ఎముకలు ఆవరణలో పరచివున్న చిత్రాన్ని తీశాడు. చిత్రం కోసం ఎముకలను అక్కడ అమర్చారని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. మృతులను చూపించడానికి, మృతుల గురించి సాక్ష్యం చెప్పడానికి గల తేడా ఈ ఇద్దరి పనిని పోల్చినప్పుడు తెలుస్తుంది. రస్సెల్ పాటించిన నియమాలు మూడు అని చెప్పవచ్చును: చూసినది రాయడం, విన్నదానిని విన్నదిగానే రాయడం, తన పక్షం వారు చేసిన హత్యలను ఎదుటి పక్షం వారి హత్యలతో సమానంగా రాయడం.

వ్యక్తిగత జీవితం, మరణం

రస్సెల్ 1846లో మేరీ బరోస్ ను వివాహం చేసుకున్నాడు. ఆమె 1867లో మరణించింది. 1884లో ఇటలీకి చెందిన ఆంటోనియెట్ మాల్వెజ్జిని వివాహమాడాడు. 1860లో ఆర్మీ అండ్ నేవీ గెజెట్ అనే పత్రికను స్థాపించి చాలాకాలం నడిపాడు. 1868లో చెల్సీ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయాడు. 1875-1876లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనలో వెంట ఉన్నాడు. 1895లో సర్ బిరుదు పొందాడు. 1907 ఫిబ్రవరి 10న లండనులో మరణించాడు. బ్రాంప్టన్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది. సెయింట్ పాల్స్ కెథెడ్రల్ నేలమాళిగలో స్మారక విగ్రహాన్ని నెలకొల్పారు. క్రిమియాలో గుడారానికి చోటివ్వని సైన్యపు సేనాపతుల స్మారకాలు కూడా అదే కెథెడ్రల్ లో ఉన్నాయి.

ముఖ్య రచనలు

ది వార్ (1855-1856) - క్రిమియా నుండి పంపిన ఉత్తరాల సంకలనం
మై డైరీ ఇన్ ఇండియా (1860)
మై డైరీ నార్త్ అండ్ సౌత్ (1863) - అమెరికా అనుభవాలు
మై డైరీ డ్యూరింగ్ ది లాస్ట్ గ్రేట్ వార్ (1874) - ఫ్రాన్సు-ప్రష్యా యుద్ధం
ది గ్రేట్ వార్ విత్ రష్యా (1895) - క్రిమియా జ్ఞాపకాలు